బ్రౌజర్‌లో తెలుగు ఒత్తులు విడిపోతున్నాయని బగ్ పెడితే "మా దగ్గర బాగానే ఉంది" అని మూసేస్తున్నారు, ఏం చేయాలి?

మీరు స్క్రీన్‌షాట్, మీ సైట్ లింకు మాత్రమే ఇచ్చారని రాశారు. బ్రౌజర్ ఇంజిన్ (పేజీని తెరమీద గీసే భాగం) రాసేవాళ్లు మిమ్మల్ని కొట్టిపారేయలేదండి, వాళ్ల మెషీన్‌లో నిజంగానే బాగా కనిపించి ఉంటుంది. బగ్ వాళ్ల ముందు కూడా కనబడేలా టెస్ట్ రాసి పంపితే తప్ప పని జరగదు.

నేను ఒడిశాలోని పర్లాకిమిడిలో వెబ్‌సైట్లు చేస్తాను. ఊరు దాటితే ఆంధ్రలోని పాతపట్నం. మా షాపులవాళ్లకి ఒడియా, తెలుగు ఒకే పేజీలో కావాలి, కాబట్టి ఇలాంటి బగ్‌లు నాకు తరచూ తగులుతుంటాయి. ఎక్కువసార్లు తేడా ఫాంట్ దగ్గరే వస్తుంది. విండోస్ 8 నుంచి రెండు లిపులకీ నిర్మలా యూఐ ఉంది, అంతకుముందు తెలుగుకి గౌతమి. మ్యాక్‌లో కోహినూర్ తెలుగు, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో నోటో. మీరు ఫాంట్ చెప్పకపోతే ఏ మెషీన్ ఆ మెషీన్‌లో ఉన్న ఫాంట్ తీసుకుంటుంది. వరుస ఎత్తు, పదం వెడల్పు, ఒత్తు కింద పట్టే చోటు అన్నీ మారిపోతాయి.

లేఅవుట్ (పేజీ అమరిక) టెస్టుల్లో అహెమ్ అనే ఫాంట్ వాడతారు. అందులో చాలా అక్షరాలు నల్లటి చతురస్రాలే, కొలతలు ఎక్కడైనా ఒకటే. కానీ ఒత్తుల్ని పరీక్షించడానికి అది పనికిరాదు. నోటో సాన్స్ తెలుగు లాంటి స్వేచ్ఛా లైసెన్సు ఫాంట్ ఫైలునే టెస్ట్ పక్కన పెట్టి, సీఎస్ఎస్ (పేజీ రూపం చెప్పే కోడ్)లోని ఫాంట్-ఫేస్ నియమంతో పిలవండి. బయటి లింకు వద్దు, రేపు అక్కడ ఫైలు మారితే మీ బగ్ కూడా మారుతుంది. స్క్రిప్టుతో కొలతలు తీసేటట్టయితే ఫాంట్ లోడయ్యేదాకా ఆగి తీయండి.

ఒక ఉదాహరణ చెప్తాను. శీర్షికలో మొదటి అక్షరం పెద్దదిగా రావాలని సీఎస్ఎస్‌లోని ఫస్ట్-లెటర్ పెట్టాం, పదం "శ్రీకాకుళం". ఒక బ్రౌజర్‌లో "శ్" ఒక్కటే పెద్దదై "రీ" చిన్నగా మిగిలింది. అన్ని లిపుల అక్షరాలకీ ప్రమాణమైన యూనికోడ్‌లో 15.1 వెర్షన్ (2023) వచ్చేదాకా అక్షరాల్ని విడగొట్టే సాధారణ నియమం "శ్రీ"ని రెండు ముక్కలుగానే చూసేది. ఆ వెర్షన్‌లో తెలుగు, ఒడియా సహా కొన్ని భారతీయ లిపుల సంయుక్తాక్షరాల్ని కలిపి ఉంచే నియమం చేర్చారు. పాత బ్రౌజర్‌లో ఇంకా పాత నియమమే ఉండొచ్చు, అందుకే బగ్‌లో బ్రౌజర్ వెర్షన్ పూర్తి అంకెలతో సహా రాయాలి. "లేటెస్ట్" అని రాస్తే ఆరునెలల తర్వాత దానికి అర్థం ఉండదు.

దీనికి నేను రెండు చిన్న పేజీలు రాశాను. ఒకదాంట్లో ఫస్ట్-లెటర్‌కి ఆకుపచ్చ రంగు. రెండోదాంట్లో ఫస్ట్-లెటర్ అనేదే లేదు, "శ్రీ" మొత్తాన్ని స్పాన్ అనే హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌లో పెట్టి అదే రంగు ఇచ్చాను. రెండూ ఒకేలా కనబడితే పాస్. దీన్నే రెఫ్‌టెస్ట్ అంటారు. పరీక్షించే ఫీచర్ రెండో పేజీలో ఉండకూడదు, ఉంటే రెండూ కలిసి తప్పుగా వచ్చి పాసైపోతాయి. అన్ని ఇంజిన్లకూ ఉమ్మడిగా ఉన్న వెబ్ ప్లాట్‌ఫామ్ టెస్ట్స్ అనే టెస్టుల సేకరణలోకి ఇలాంటిదే వెళ్తుంది. అక్కడ ఇంజిన్ రాసేవాళ్లు ఒక్క కమాండ్‌తో నడిపి చూసుకుంటారు.

మీ పేజీని ఇలా కుదించడానికి సగం కోడ్ తీసేసి చూడండి. బగ్ ఇంకా ఉంటే మిగిలిన దాంట్లో మళ్లీ సగం తీయండి, పోతే వెనక్కి పెట్టి రెండో సగం తీయండి. విసుగే, కానీ ఈ పనిని మీకన్నా బాగా ఇంకెవరూ చేయలేరు, తెలుగు చదవగలిగేది మీరే కదా. పేజీ మొదట్లో ఉండే డాక్‌టైప్, యూటీఎఫ్-8 చార్‌సెట్ వరుసలు మాత్రం తీయకండి. డాక్‌టైప్ లేకపోతే బ్రౌజర్ పాత పద్ధతిలోకి వెళ్లిపోయి లేఅవుట్ లెక్కలు కొన్ని మారతాయి.

పంపేముందు ఎక్స్‌టెన్షన్లు లేని కొత్త ప్రొఫైల్‌లో, జూమ్ 100 శాతంలో తెరవండి. తెలుగు చదవడం రాని ఇంజనీర్‌కి ఏది తప్పో తెలియదు, కాబట్టి "ఆకుపచ్చ రంగు మొదటి గుర్తు మొత్తానికీ రావాలి, సగానికే వస్తోంది" అని పేజీలోనే ఇంగ్లీషులో ఒక వాక్యం రాయండి. ఆ మూసేసిన బగ్‌నే మళ్లీ తెరిపించి, ఫాంట్ ఫైలుతో సహా జిప్ జోడించండి.