తొమ్మిదో ఇన్నింగ్ దాకా లేవకు చెల్లీ

సందేహం: అక్కా, నేను విజయవాడ నుంచి వచ్చి ఇంకా ఏడాది కాలేదు. సియాటిల్ పక్కన బెల్వ్యూలో ఉంటున్నాను. వచ్చే నెల మా ఆఫీస్ టీమ్ అంతా సియాటిల్ మ్యారినర్స్ బేస్‌బాల్ మ్యాచ్‌కి వెళ్తోంది. నాకు ఆ ఆట ఒక్క ముక్క అర్థం కాదు. టీవీలో చూస్తే గంటల తరబడి ఏమీ జరగనట్టే ఉంటుంది. లంచ్‌లో మాత్రం ‘ఆ రోజు నేను అక్కడే ఉన్నాను’ అంటూ ఎప్పటెప్పటి మ్యాచ్‌లో తవ్వి తీస్తారు. మా టీమ్‌లో ఒక పెద్దాయన 1995లో చూసిన మ్యాచ్ గురించి చెబుతూ కళ్లు తుడుచుకున్నారు. నేను నవ్వి ఊరుకుంటున్నాను. ఏదో ఒక వంక చెప్పి మానేయనా?

సమాధానం: మానేయకు చెల్లీ, తప్పకుండా వెళ్లు. వెళ్లేలోపు ఆ పెద్దాయన పక్కన టీ కప్పుతో ఓ పావుగంట కూర్చో.

ఆయన చెప్పిన మ్యాచ్ ఏదో సియాటిల్‌లో పాతకాపులెవరైనా ఇట్టే చెప్పేస్తారు. 1995 అక్టోబరు 8, కింగ్‌డోమ్ గ్రౌండ్, న్యూయార్క్ యాంకీస్‌తో సిరీస్‌లో ఆఖరి మ్యాచ్. 1977లో పుట్టిన మ్యారినర్స్ టీమ్ ప్లేఆఫ్స్ దాకా, అంటే సీజన్ చివరి నాకౌట్ సిరీస్‌ల దాకా రావడం అదే మొదటిసారి. ఐదు మ్యాచ్‌ల సిరీస్‌లో మొదటి రెండూ ఓడిపోయి, తర్వాతి రెండూ గెలిచి ఆ రోజుకి చేరారు. మామూలుగా తొమ్మిది ఇన్నింగ్స్‌తో అయిపోయే ఆట పదకొండో ఇన్నింగ్ దాకా సాగింది, సియాటిల్ ఒక్క పరుగు వెనకబడి ఉంది. ఈ ఆటలో మూడు బేస్‌లూ చుట్టి, బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్‌కి చేరితే ఒక పరుగు. ఎడ్గర్ మార్టినెజ్ బంతిని లెఫ్ట్ ఫీల్డ్ మూలకి కొట్టాడు. మూడో బేస్ మీదున్న జోయీ కోరా ప్లేట్‌కి వచ్చేశాడు. మొదటి బేస్ మీదున్న కెన్ గ్రిఫీ జూనియర్ ఒక్క పరుగున రెండూ, మూడూ దాటి వచ్చి నేల మీద జారుతూ ప్లేట్ తాకాడు. 6-5. టీమ్ ఊరొదిలి వెళ్లిపోతుందేమోనని అందరూ దిగులుపడుతున్న రోజులవి. ఆ నెలలోనే రాష్ట్ర శాసనసభ కొత్త గ్రౌండ్‌కి డబ్బు మంజూరు చేసింది. నువ్వు వెళ్లబోయే టీ-మొబైల్ పార్క్ అలా వచ్చింది. కింగ్‌డోమ్‌ని 2000 మార్చి 26న పేల్చి కూల్చేశారు. ఆయన కూర్చున్న కుర్చీ, ఆ పైకప్పు, ఆ చోటు ఏవీ ఇప్పుడు లేవు. కళ్లు తడవడంలో ఆశ్చర్యమేముంది?

కాబట్టి ఆయన్ని స్కోరు అడగకు. ‘మీరు ఎటువైపు కూర్చున్నారు, పక్కన ఎవరున్నారు?’ అని అడుగు చాలు. మిగతాది ఆయనే చెబుతారు. నేను వచ్చిన కొత్తలో ఇక్కడివాళ్లతో ఉద్యోగం మాటలు, వాతావరణం మాటలు దాటి ముందుకు వెళ్లలేకపోయేదాన్ని. ఈ ఒక్క ప్రశ్న నాకు చాలామంది ఇళ్ల తలుపులు తెరిచింది. అవతలివాళ్లు మ్యాచ్‌తో మొదలుపెట్టి, తీసుకెళ్లిన నాన్న గురించి, అప్పటి ఉద్యోగం గురించి, విడిపోయిన స్నేహితుడి గురించి చెప్పుకుంటూ పోతారు.

ఇక ‘ఏమీ జరగదు’ అన్నావే, దాని సంగతి చూద్దాం. ఈ ఆటలో అన్నిటికంటే గొప్ప విషయం నిజంగానే ‘ఏమీ జరగకపోవడం’. దాన్ని పర్ఫెక్ట్ గేమ్ అంటారు. తొమ్మిది ఇన్నింగ్స్, ఇన్నింగ్‌కి మూడు అవుట్లు, మొత్తం 27. అవతలి టీమ్ నుంచి 27 మంది వస్తారు, 27 మందీ వెనక్కి పోతారు. ఒక్కడు కూడా మొదటి బేస్ ఎక్కడు. కొట్టి కాదు, బంతి వేసే పిచర్ నాలుగు బంతులు గురి తప్పితే దొరికే ఉచిత నడకతో కాదు, ఫీల్డర్ తప్పు వల్ల కూడా కాదు. ఇక్కడి అతిపెద్ద లీగ్ అయిన మేజర్ లీగ్‌లో రెండు లక్షలకు పైగా మ్యాచ్‌లు జరిగితే, 2023 జూన్ 28న ఓక్‌ల్యాండ్‌లో యాంకీస్ పిచర్ డొమింగో హెర్మాన్ వేసినది 24వది. ఏడాది ఛాంపియన్‌ని తేల్చే వరల్డ్ సిరీస్‌లో ఒకే ఒక్కటి ఉంది. యాంకీస్ పిచర్ డాన్ లార్సెన్ 1956 అక్టోబరు 8న వేశాడు, మన ఆంధ్రప్రదేశ్ ఏర్పడడానికి మూడు వారాల ముందు.

1999 ఫిబ్రవరిలో ఢిల్లీ కోట్లా గ్రౌండ్‌లో కుంబ్లే పాకిస్తాన్ మీద పది వికెట్లూ తీసిన రోజు మన ఇళ్లలో ఎలా ఉందో మీ నాన్నగారిని అడుగు. తొమ్మిది పడ్డాక అవతలి వైపు నుంచి శ్రీనాథ్ కావాలని దూరంగా బంతులు వేశాడు, పదో వికెట్ కుంబ్లేకే రావాలని. ఒక మనిషి ఘనత కోసం గ్రౌండంతా ఊపిరి బిగబట్టడం మనకి తెలియనిది కాదు. ఇక్కడ దాని రూపం వేరు, అంతే.

నేను ఒకటి చూశాను. 2012 ఆగస్టు 15, బుధవారం మధ్యాహ్నం మ్యాచ్. మావారూ నేనూ సగం రోజు సెలవు పెట్టి వెళ్లాం. మ్యారినర్స్ తరఫున ఫెలిక్స్ హెర్నాండెజ్ పిచింగ్, అవతల టాంపా బే రేస్ టీమ్. అప్పట్లో ఆ గ్రౌండ్ పేరు సేఫ్‌కో ఫీల్డ్. సగం కూడా నిండలేదు, 21,889 మంది. ఫెలిక్స్ వేసే రోజుల్లో లెఫ్ట్ ఫీల్డ్ వైపు ఒక సెక్షనంతా పసుపుపచ్చ టీషర్టులతో, ‘కే’ అని రాసిన అట్టలతో నిండిపోయేది. బ్యాటర్ మూడు స్ట్రైక్‌లు తిని బేస్ ఎక్కకుండా అవుటవడాన్ని స్ట్రైకౌట్ అంటారు, దానికి గుర్తు ఆ అక్షరం. మొదటి ఇన్నింగ్‌లోనే ఎరిక్ థేమ్స్ పరిగెత్తి మంచి క్యాచ్ పట్టాడు. బాగుందని చప్పట్లు కొట్టాం, అంతకుమించి ఎవరూ ఏమీ అనుకోలేదు.

నా పక్కన ఒక పెద్దావిడ ఒళ్లో అట్ట పెట్టుకుని పెన్సిల్‌తో స్కోర్‌కార్డ్ రాస్తోంది. అందులో ఒక్కో బ్యాటర్‌కి వచ్చిన ప్రతిసారీ ఒక గడి, గడిలో చిన్న డైమండ్ బొమ్మ ఉంటుంది. బ్యాటర్ బేస్ ఎక్కితే ఆ డైమండ్ అంచు మీద గీత పడుతుంది. ఐదో ఇన్నింగ్ అయ్యాక ఆవిడ ఏమీ అనకుండా కాగితం నా వైపు తిప్పింది. రేస్ పేజీలో ఒక్క డైమండ్ మీదా గీత లేదు. అప్పుడు నేను స్కోర్‌బోర్డ్ చూశాను. రేస్‌కి పరుగులు సున్నా, హిట్లు (బంతి కొట్టి బేస్ చేరడాలు) కూడా సున్నా. మా వాళ్లు కొట్టింది కూడా ఒక్క పరుగే. అంటే బంతి ఒక్కటి తప్పినా మ్యాచే చేజారొచ్చు.

ఇలాంటప్పుడు నువ్వు ఒకటి గమనిస్తావు. ఆ ‘పర్ఫెక్ట్’ మాట ఎవరూ నోటితో అనరు. గ్రౌండ్ అంచున టీమ్ కూర్చునే డగౌట్‌లో పిచర్ పక్కన కూర్చోవడానికి కూడా సాటి ఆటగాళ్లు వెనకాడతారు. పసిబిడ్డ బొద్దుగా ఉందని మన అమ్మమ్మలు పైకి అననట్టే. దిష్టి తగులుతుందని ఇక్కడివాళ్లకీ గట్టి నమ్మకం. నువ్వూ అనకు, అంటే నీ చుట్టుపక్కలవాళ్లు నిజంగా బాధపడతారు. ఏడో ఇన్నింగ్‌లో రేస్ మేనేజర్ జో మాడన్ అంపైర్‌తో గొడవపడి గ్రౌండ్ నుంచి వెళ్లగొట్టించుకున్నాడు. ఆ ఆలస్యంలో ఫెలిక్స్ చెయ్యి ఎక్కడ చల్లబడుతుందోనని మాకు ఒకటే టెన్షన్. మావారు లేచి వాటర్ బాటిల్ తెస్తానంటే చెయ్యి పట్టి కూర్చోబెట్టాను.

తొమ్మిదో ఇన్నింగ్‌లో ఎవరూ కుర్చీల్లో లేరు. ఇరవై ఏడోవాడు షాన్ రాడ్రిగెజ్ ఆఖరి బంతికి బ్యాట్ కదపలేదు. అంపైర్ చెయ్యి లేచింది. ఫెలిక్స్ రెండు చేతులూ ఆకాశానికి ఎత్తాడు. గ్రౌండ్ దద్దరిల్లిపోతోంటే పెద్దావిడ మాత్రం తల వంచుకుని, వణుకుతున్న చేత్తో చివరి గడిలో ‘కే’ని తిరగేసి రాసింది. కొట్టబోయి కాకుండా చూస్తూ అవుటైతే అలా రాయాలి. తొమ్మిది మంది బ్యాటర్లు, ఒక్కొక్కరు సరిగ్గా మూడేసి సార్లు. అంత శుభ్రమైన కాగితం నేను మళ్లీ చూడలేదు. మ్యారినర్స్ చరిత్రలో అదే మొదటి పర్ఫెక్ట్ గేమ్. దాని తర్వాతది ఎక్కడైనా రావడానికి దాదాపు 11 ఏళ్లు పట్టింది. విచిత్రమేమిటంటే, అదే ఏడాది ఏప్రిల్ 21న అదే గ్రౌండ్‌లో షికాగో పిచర్ ఫిలిప్ హంబర్ మా మీదే ఒకటి వేశాడు. జూన్ 8న మా పిచర్లు ఆరుగురు కలిసి లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌కి ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. ఆ మూడింట్లో దేనికీ ముందస్తు కబురు లేదు.

అదే నేను నీకు చెప్పదలచుకున్నది. టికెట్ ధర చూసో, పేరున్న టీమ్ చూసో వెళ్లినవాళ్లకే ఇలాంటివి దొరుకుతాయని ఏమీ లేదు. 1998 మే 6న షికాగో రిగ్లీ ఫీల్డ్‌లో కెర్రీ వుడ్ అనే 20 ఏళ్ల కుర్రాడు ఒకే మ్యాచ్‌లో 20 మందిని స్ట్రైకౌట్ చేశాడు. అక్కడున్నది 15,758 మంది. 1999 జులై 18న యాంకీ స్టేడియంలో యోగి బెర్రాకి సన్మానం జరిగింది. లార్సెన్ మొదటి బంతి వేస్తే, 1956లో ఆయనకి క్యాచర్‌గా (బ్యాటర్ వెనక బంతి అందుకునేవాడిగా) ఉన్న బెర్రాయే పట్టుకున్నాడు. వాళ్లిద్దరూ చూస్తుండగానే డేవిడ్ కోన్ ఆ రోజు పర్ఫెక్ట్ గేమ్ వేశాడు. సన్మానం చూసి పోదామని వచ్చినవాళ్లకి అది దక్కింది. న్యూజెర్సీలో ఎడిసన్ వైపు ఉండే మనవాళ్లలో పాతవాళ్లెవరైనా ఆ రోజు అక్కడ ఉండే ఉంటారు.

కొన్ని ఘనతలు మెల్లగా పెరుగుతాయి, గ్రౌండంతటికీ తెలిసిపోతుంది. కొన్ని రెప్పపాటులో అయిపోతాయి. ఒక్క ఫీల్డరే, ఎవరి సాయం లేకుండా, ఒకే బంతికి బ్యాటర్‌నీ, బేస్‌ల మీదున్న ఇద్దరినీ కలిపి ముగ్గురినీ అవుట్ చేయడం ఇప్పటికి 15 సార్లే జరిగింది. 2009 ఆగస్టు 23న న్యూయార్క్‌లో ఫిలడెల్ఫియా ఆటగాడు ఎరిక్ బ్రంట్లెట్ అలా చేశాడు, దాంతో మ్యాచే ముగిసిపోయింది. ట్రాఫిక్ భయంతో అప్పటికే పార్కింగ్‌కి నడిచినవాళ్ల సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ అయ్యో అనిపిస్తుంది. ఒకే మ్యాచ్‌లో ఒక్కడే నాలుగు హోమ్ రన్లు (మన సిక్సర్ లాంటివి) కొట్టడం పర్ఫెక్ట్ గేమ్ కంటే అరుదు. అలాంటిది 2025లో ఒక్క ఏడాదే ముగ్గురు కొట్టారు. ఇక షోహే ఓటానీ పేరు మీ లంచ్‌లో రోజూ వినిపిస్తుంది. 2024 సెప్టెంబరు 19న మయామీలో ఆరుసార్లు బ్యాటింగ్‌కి వచ్చి ఆరుసార్లూ హిట్ కొట్టాడు. అందులో మూడు హోమ్ రన్లు, పైగా రెండు బేస్‌లు దొంగిలించాడు, అంటే ఎవరూ బంతి కొట్టకుండానే పరిగెత్తి తర్వాతి బేస్ చేరాడు. ఒకే సీజన్‌లో 50 హోమ్ రన్లు, 50 దొంగిలించిన బేస్‌లు అంతకుముందు ఎవరికీ లేవు.

రికార్డు పుస్తకంలోకి ఎక్కనిది కూడా ఒకటి చెప్పాలి. 2010 జూన్ 2, డెట్రాయిట్. డెట్రాయిట్ పిచర్ అర్మాండో గలరాగా వచ్చిన 26 మందినీ వరసగా అవుట్ చేశాడు. ఇరవై ఏడోవాడు కొట్టిన బంతిని సాటి ఆటగాడు కబ్రేరా ఆపి మొదటి బేస్‌కి విసిరాడు. గలరాగా పరుగెత్తుకొచ్చి పట్టుకున్నాడు. బ్యాటర్ అవుట్, గ్రౌండ్‌లో అందరూ చూశారు. అంపైర్ జిమ్ జాయిస్ సేఫ్ అన్నాడు. అప్పట్లో ఇలాంటివాటికి వీడియో రివ్యూ లేదు. గలరాగా అరవలేదు, ఒక్క నవ్వు నవ్వి వెనక్కి వెళ్లి తర్వాతివాణ్ణి అవుట్ చేశాడు. మ్యాచ్ అయ్యాక జాయిస్ వీడియో చూసి తప్పు ఒప్పుకున్నాడు. మర్నాడు ఆటకి ముందు టీమ్ ఆటగాళ్ల పేర్ల పట్టీని అంపైర్‌కి ఇచ్చే పని గలరాగాకే అప్పగించారు. అది అందుకుంటూ జాయిస్ కన్నీళ్లు ఆపుకోలేకపోయాడు. ఆ రెండు రోజులూ అక్కడున్నవాళ్లు పర్ఫెక్ట్ గేమ్ చూశామనే చెబుతారు. అలా చెప్పే హక్కు వాళ్లకుందని నా అభిప్రాయం.

ఇప్పుడు నీ పని. ఆట మొత్తం నేర్చుకోనక్కర్లేదు. స్కోర్‌బోర్డ్‌లో పరుగుల పక్కన హిట్ల గడి ఉంటుంది. ఐదో ఇన్నింగ్ అయ్యాక ఒకసారి అటు చూడు, అక్కడ సున్నా ఉంటే కదలకు. దొరికితే స్కోర్‌కార్డ్ ఒకటి తీసుకో, రాయడం ఎలాగో పక్కవాళ్లని అడుగు. ఆ సాయం అడిగితే కాదనేవాళ్లు నాకు ఇంతవరకు తగల్లేదు. టికెట్లు ఇప్పుడు ఫోన్‌లోనే వస్తాయి కాబట్టి స్క్రీన్‌షాట్ తీసి దాచుకో. రాయ్ హాలడే 2010లో మయామీలో పర్ఫెక్ట్ గేమ్ వేశాక, ఆ రోజు అమ్ముడుపోని టికెట్లని తర్వాత అమ్మారు, జనం కొన్నారు కూడా. నీకు అలాంటి కాగితం కొనుక్కునే అవసరం రాకూడదు.

2023లో బంతి వేయడానికి గడువు పెట్టే పిచ్ క్లాక్ వచ్చాక ఆటలు రెండున్నర, మూడు గంటల మధ్యే అయిపోతున్నాయి. పర్సుల సైజు మీద, బయటి తిండి మీద ఏ గ్రౌండ్ రూల్స్ ఆ గ్రౌండ్‌వే, ముందు రోజు వెబ్‌సైట్‌లో చూసుకో. మన సియాటిల్‌లో తిండి తీసుకెళ్లనిస్తారు. నేను పులిహోరే పట్టుకెళ్తాను, పక్కవాళ్లకీ పెడతాను. కారు వద్దు, లైట్ రైల్లో స్టేడియం స్టేషన్‌లో దిగి నడువు. సాయంత్రం మ్యాచ్ అయితే స్వెటర్ మర్చిపోకు. వాన వస్తే పైకప్పు మూస్తారు గానీ పక్కల గోడలుండవు, సముద్రం గాలి నేరుగా లోపలికి కొడుతుంది.