వ్యోమగామి చేతిలో పెన్సిల్ పెట్టు

తమ్ముడికి ఆశీస్సులు.

నీ అంతరిక్షం కథ చదివాను. ఊహ బాగుంది, భాష నీదే. కానీ కథ మొదలైన దగ్గర్నుంచి నీ వ్యోమగామి విశ్వం గురించి ఆలోచిస్తూనే ఉన్నాడు, ఒక్క వస్తువునీ ముట్టుకోలేదు. అందుకే అతను అక్కడ ఉన్నాడని నాకు నమ్మకం కుదరలేదు.

1961 ఏప్రిల్ 12న అంతరిక్షంలోకి వెళ్లిన మొదటి మనిషి గగారిన్ తన నౌక వోస్తోక్‌లో వెళ్లినప్పుడు రాసుకోవడానికి ఒక పుస్తకం, పెన్సిల్ ఉన్నాయి. కొంతసేపటికి పెన్సిల్ ఎటో తేలిపోయింది. మన దగ్గరైతే వంగి తీసుకుంటాం. అక్కడ ‘కింద’ అనేదే లేదు కదా! ఇక రాయడం మానేసి, చూసినవన్నీ టేప్ రికార్డర్‌కి చెప్పాడు. భారరహిత స్థితి మీద నువ్వు రాసిన రెండు పేరాలూ తీసెయ్. ఇలాంటి పెన్సిల్ ఒక్కటి పెట్టు, చాలు.

1962లో అమెరికా వ్యోమగామి జాన్ గ్లెన్ అంతరిక్షంలోకి వెంట తీసుకెళ్లింది ఫ్లోరిడాలో షాపులో కొన్న మామూలు కెమెరా. గ్లవ్స్ వేసుకున్న చేత్తో పట్టుకోవడానికి దానికి ఒక పిడి అమర్చారు. అంతే.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఆల్డ్రిన్ స్కెచ్ పెన్. 1969 జులైలో చంద్రుడి మీద నడిచి లోపలికి వచ్చాక చూస్తే, పైకి లేపే ఇంజిన్‌కి కరెంటు అందించే సర్క్యూట్ బ్రేకర్ మీట విరిగి నేల మీద పడి ఉంది. అది నొక్కితేనే తిరుగు ప్రయాణం. కరెంటు వ్యవహారం కాబట్టి వేలు పెట్టలేడు, లోహపు మొన ఉన్నదేదీ పెట్టలేడు. భుజం జేబులో ఉన్న స్కెచ్ పెన్ తీసి దానితో నొక్కాడు. ఆ టెన్షన్‌ని వర్ణించడానికి విశేషణాలెందుకు? ఏ జేబు, ఏ పెన్ను, ఎందుకు వేలు కాదు, ఇవి వరసగా చెబితే పాఠకుడే ఊపిరి బిగబడతాడు.

ఒక మాట గట్టిగా చెబుతున్నాను. అంతరిక్షంలో రాయడానికి అమెరికా కోట్లు పోసి పెన్ను తయారుచేస్తే రష్యా పెన్సిల్‌తో సరిపెట్టుకుందన్న వాట్సాప్ కథని నీ కథలోకి రానివ్వకు. ఆ పెన్ను పాల్ ఫిషర్ అనే పెన్నుల తయారీదారు సొంత డబ్బుతో చేసింది. నాసా పరీక్షించి, కొని, 1968లో అపోలో 7 నౌకలో పంపింది. తర్వాత సోవియట్‌లూ కొన్నారు. పెన్సిల్ మొన విరిగితే ముక్కలు గాల్లో తేలుతాయి, గ్రాఫైట్ పొడిలోంచి కరెంటు పారుతుంది. ఈ కారణాలు తెలుసుకుని రాయడం పాఠకుడికి మనం ఇచ్చే మర్యాద.

మూడో పేజీ నుంచి తిరగరాయి. అతను దేనితో రాస్తాడు, రాశాక దాన్ని ఎక్కడ పెడతాడు, ఆ రెండూ తేల్చుకున్నాక నాకు పంపు.