కుక్కలున్న ఇంట్లో ఇమడలేని పిల్లికి మరో ఇల్లు

ప్రశ్న: గత వర్షాకాలంలో మురుగుకాలువ పక్కన తడిసి వణుకుతున్న ఆడ పిల్లికూనను ఇంటికి తెచ్చి పెంచుతున్నాం. మా రెండు కుక్కల్లో లాబ్రడార్ దాని జోలికి పోదు గానీ, నాటు కుక్క కనబడితే చాలు తరుముతుంది. నెలల తరబడి అలవాటు చేయాలని చూసినా ఫలితం లేదు. పిల్లి పగలంతా అటక మీదే ఉంటోంది, పొట్ట కింద వెంట్రుకలు ఊడేలా నాక్కుంటోంది. చేపల మార్కెట్ దగ్గర వదిలేయమని బంధువులు అంటున్నారు. వేరేవారికి ఇవ్వడం దానికి అన్యాయం చేయడమే అవుతుందా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: అన్యాయం కాదు. మీరు రాసిన లక్షణాలు ఆ పిల్లి ఎడతెగని భయంతో బతుకుతోందని చెబుతున్నాయి. అలాంటి భయం వల్ల పిల్లులకు మూత్రాశయం వాచే జబ్బు వస్తుంది. రెండు మూడు రోజులు మేత మానేస్తే కాలేయంలో కొవ్వు చేరి ప్రాణం మీదికి వస్తుంది. అరిచే కుక్క కన్నా, ఒళ్లు బిగబట్టి రెప్ప వాల్చకుండా పిల్లినే చూస్తూ, పేరు పెట్టి పిలిచినా బిస్కెట్ చూపినా తల తిప్పని కుక్క ఎక్కువ ప్రమాదం. మీ నాటు కుక్క అలా చూస్తుంటే ఇక ప్రయత్నాలు ఆపండి. అందులో దాని తప్పూ లేదు, అది వేటాడే స్వభావం.

మార్కెట్ మాట మాత్రం దయచేసి వినకండి. ఇంట్లో పెరిగిన పిల్లికి అక్కడి కుక్కలను తప్పించుకోవడం తెలియదు. పైగా ఆకలిదప్పులతో బాధపడే పరిస్థితిలో జంతువును అకారణంగా వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం.

మంచి ఇల్లు దొరికేదాకా పిల్లిని తలుపు వేసి ఉండే గదిలో, ఇసుక తొట్టి, ఎక్కి కూర్చోవడానికి ఎత్తైన చోటు ఏర్పాటు చేసి ఉంచండి. కుక్కలకు వాడే కొన్ని పిడుదుల మందుల్లో ఉండే పెర్మెత్రిన్ పిల్లులకు విషం కనుక, ఆ మందు రాసిన కుక్క పడుకున్న గుడ్డలు కూడా దాని దగ్గరికి రానివ్వకండి. ఇచ్చే ముందే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, రేబీస్ టీకా, పాన్‌ల్యూకోపీనియా అనే పిల్లుల వైరస్ జబ్బు నుంచి కాపాడే టీకా వేయించి, టీకాల కార్డు తీసుకునేవారి చేతికివ్వండి.

ఎలుకల కోసమే పిల్లి కావాలనేవారికి ఇవ్వడం నాకు ఇష్టం లేదు. తీసుకునేవారి ఇంట్లో కుక్క ఉందా, అపార్ట్‌మెంట్ అయితే బాల్కనీకి వల కట్టి ఉందా అని స్వయంగా వెళ్లి చూడండి, కుక్కలంటే దీనికున్న భయాన్ని దాచకుండా చెప్పండి. గాలి ఆడే బుట్టలో, అది పడుకునే పాత దుప్పటితో సహా పంపండి. తన వాసన ఉన్న గుడ్డ పక్కనుంటే కొత్త చోట త్వరగా కుదుటపడుతుంది. మొదట్లో ఒకే గదిలో ఉంచాలి, కనీసం మూడు నాలుగు వారాలు బయటికి వదలకూడదు, ఎందుకంటే పాత ఇంటిని వెతుక్కుంటూ బయలుదేరి వాహనాల కింద పడే పిల్లులు చాలా ఉంటాయి. వారు ఎప్పుడైనా ఉంచుకోలేకపోతే వీధిలో వదలకుండా మీకే తిరిగి అప్పగించాలని ముందుగానే మాట తీసుకోండి.