కొండల్లో ఎత్తుకి వెళ్తే టర్బో బండి ఊపిరాడనట్టు లాగుతోందా? ముందు ఈ పైపు చూడండి

ఇంటర్‌కూలర్ (టర్బో నొక్కి పంపే వేడి గాలిని ఇంజిన్‌లోకి వెళ్లేముందు చల్లబరిచేది) పైపులో లీక్ ఉండొచ్చు. కింద బాగానే లాగే టర్బో డీజిల్ 4,000 మీటర్ల దగ్గర నల్లపొగ కక్కి, చెక్ ఇంజిన్ లైట్ వేసి, పవర్ తగ్గించేసుకుందంటే నా అనుమానం మొదట దానిమీదే. ఎయిర్ ఫిల్టర్ మార్చినా ఇలాగే ఉంటే, ఆ ఫిల్టర్ తప్పేం లేదు.

అక్కడ గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు 40 శాతం తక్కువ. అదే బూస్ట్ (టర్బో ఇచ్చే అదనపు గాలి ఒత్తిడి) ఇవ్వాలంటే టర్బో ఇంకా వేగంగా తిరగాలి. కింద కప్పిపుచ్చుకున్న చిన్న చిల్లు పైన బయటపడుతుంది.

1. బండికి తగిలించే స్కానర్‌తో లోపం కోడ్ చదవండి. పి0299 అంటే బూస్ట్ సరిపోవట్లేదని.
2. ఇంజిన్ చల్లారాక పైపుల అడుగుభాగం వేలితో తడమండి. లోపల పల్చటి నూనె తడి మామూలే. క్లాంప్ (పైపును బిగించే పట్టీ) దగ్గర బయట నల్లగా, జిడ్డుగా దుమ్ము అంటుకుని ఉంటే అక్కడే లీక్.
3. చాలామంది తప్పేది ఇక్కడే: ఐడిల్‌లో (బండి ఆగి ఇంజిన్ ఊరికే తిరుగుతుండగా) సబ్బునీళ్లు చల్లి "బుడగలు లేవు, బాగుంది" అనుకుంటారు. ఐడిల్‌లో బూస్ట్ దాదాపు ఉండదు, బుడగ ఎలా వస్తుంది? ఇంజిన్ ఆపి, టర్బో ఇన్‌లెట్ (గాలి లోపలికి వెళ్లే మూతి) మూసి, కంప్రెసర్‌తో 1 బార్ మించకుండా గాలి నింపి, అప్పుడు చల్లండి. పైపు మడతలో సన్నటి పగులైనా బుసబుసమంటుంది.
4. క్లాంప్ బిగించండి, పగిలిన పైపు మార్చండి (టేపు చుట్టడం వద్దు, వేడికి ఊడిపోతుంది). కోడ్ చెరిపేయండి.

లీక్ పోయినా టర్బో పుంజుకునే దాకా నీరసం ఉంటుంది. ఏటవాలులో ముందే లో రేంజ్ (ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లలో ఉండే, నెమ్మదిగా ఎక్కువ బలంతో లాగే గేరు) వేసి, 2,000 ఆర్‌పీఎం పైనే ఉంచండి.