అచ్చులో ఉన్నదే రాయాలా, సరిదిద్ది రాయాలా?

ప్రశ్న: సికింద్రాబాద్‌లోని ఒక కతోలిక చర్చి క్వయర్‌లో పాడుతున్నాను. మాలో ఐదారుగురం కలిసి లాటిన్ గ్రెగోరియన్ గీతాల స్వరలిపిని, ఎవరైనా వాడుకోగల ఒక ఉమ్మడి డేటాబేస్ కోసం టైపు చేస్తున్నాం. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికిన పాత 'లిబెర్ ఊజువాలిస్' (పూజల్లో పాడే గ్రెగోరియన్ గీతాల సంకలనం) మాకు ఆధారం. దానికి ముఖపత్రం చిరిగిపోయింది, లోపల ఎవరో పెన్సిల్‌తో ఊపిరి గుర్తులు పెట్టుకున్నారు. తప్పనిపించిన చోట సరిదిద్ది ఎక్కించాలని కొందరు, ఉన్నది ఉన్నట్టే ఎక్కించాలని కొందరు పట్టుబడుతున్నారు. ఏది పద్ధతి?
— ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: ఉన్నది ఉన్నట్టే ఎక్కించాలన్న వారిదే సరైన మాట. డేటాబేస్‌లోని ఒక్కో నమోదు ఒక్కో అచ్చు పుస్తకంలోని ఒక్కో పుటకు సాక్ష్యం. మీరు సరిదిద్దిన క్షణంలో అది ఆ పుస్తకానిదీ కాకుండా, చేవ్రాలు లేదు కనుక మీదీ కాకుండా పోతుంది. మీకు అనుమానం వచ్చిన చోటును వివరణ గడిలో 'ఇక్కడ అచ్చుతప్పు కావచ్చు, ఫలానా ముద్రణలో ఈ స్వరం ఒక మెట్టు కింద ఉంది' అని రాసిపెట్టండి. సిరా అంటక సగం చెరిగిన స్వరం సంగతి వేరు. అది పాఠభేదం కాదు, అచ్చు యంత్రం లోపం, కాబట్టి మరో ప్రతి చూసి పూరించి, అలా పూరించినట్టు చెబితే చాలు. పెన్సిల్ గుర్తులు మాత్రం ఎక్కడా ఎక్కించకండి.

సరిదిద్దాలన్న ఉబలాటం ఈ గీతాలకు ఎంత చేటు చేసిందో చరిత్రలోనే ఉంది. 1614-15లో రోములో అచ్చయిన మెదీచీ గ్రాదువాలేను (గ్రాదువాలే అంటే పూజగీతాల పుస్తకం) తయారుచేసినవారు, ఒకే అక్షరం మీద సాగే పొడుగాటి స్వరమాలికలు మోటుగా ఉన్నాయనుకుని చాలావాటిని కత్తిరించారు, కొన్నిటిని లాటిన్ ఉచ్చారణలో ఊనిక పడే అక్షరం మీదికి జరిపారు. 1870ల నుంచి జర్మనీలోని రేగెన్స్‌బుర్గ్‌లో అదే పాఠం పోప్ అనుమతితో మళ్లీ అచ్చయింది. దాన్ని పూర్వపక్షం చేయడానికి ఫ్రాన్స్‌లోని సొలెమ్ మఠ సన్యాసులు 1889లో 'పాలెయోగ్రఫీ మ్యూజికాల్' సంపుటాలు మొదలుపెట్టి, అందులో 'యుస్తుస్ ఉత్ పాల్మా' అనే ఒకే గీతాన్ని రెండు వందలకు పైగా రాతప్రతుల నుంచి ఫొటోలుగా అచ్చువేశారు. వేర్వేరు దేశాల రాతగాళ్లు ఒకే రాగాన్ని రాసిపెట్టినట్టు ఆ పుటలు తిరగేసిన ఎవరికైనా కనిపిస్తుంది. 1903లో పదవ పియూస్ పోప్ ప్రాచీన పాఠాన్ని పునరుద్ధరించాలన్నారు, 1908లో వాటికన్ గ్రాదువాలే వెలువడింది. ఆ సన్యాసులు నెగ్గింది వాదనతో అనడం కంటే, ఏ ప్రతిని దానికదిగా చూపించడంతో అనడం నిజానికి దగ్గర.

మన దగ్గర సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో తెలుగు లిపిలో అచ్చువేయించిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'ని తీసుకోండి. అందులోని గమక చిహ్నాలను ఒకరు 'ఎవరూ అలా పాడటం లేదు' అని వదిలేసి స్వరాలు మాత్రం ఎత్తిరాసి, పైన దీక్షితుల పేరే ఉంచితే సంగీతజ్ఞులు ఊరుకుంటారా?

లాటిన్ గీతాలకూ ఇలాంటి పొర ఒకటి ఉంది. లిబెర్‌లో స్వరం పక్కన కనిపించే చుక్క, స్వరం మీది అడ్డగీత, నిలువుగీత అనే మూడూ సొలెమ్ వారు చేర్చిన లయచిహ్నాలు. వాటికన్ 1908 ముద్రణలో అవి లేవు. అందుకని ఒకే గీతం రెండు పుస్తకాల నుంచి వస్తే రెండు నమోదులుగా పెట్టి, రెంటినీ ఒకదానికొకటి ముడివేయండి. 'మాకు ఆ చుక్కలు నచ్చవు' అని లిబెర్ నమోదులోంచి తీసేయడం, వాటికన్ నమోదులోకి దించడం రెండూ ఒకే తప్పు.

మీరు వాడేది, ఈ స్వరలిపిని మామూలు అక్షరాలతో కంప్యూటర్‌లో టైపు చేసే జీఏబీసీ పద్ధతే అనుకుంటున్నాను. అందులో పదాన్ని ముక్కలు చేసి ప్రతి ముక్క పక్కన బ్రాకెట్లలో రాసే 'ఏ' నుంచి 'ఎమ్' దాకా అక్షరాలు, ఆ చతురస్ర స్వరం నాలుగు గీతల మీద ఎంత ఎత్తున ఉందో చెబుతాయే గానీ అది ఏ స్వరమో చెప్పవు. అది చెప్పేది ఎడమ చివరనున్న క్లెఫ్. 'ఎఫ్, జి, హెచ్' అని రాస్తే, డో నాలుగో గీత మీదున్నప్పుడు ఫా, సోల్, లా అవుతాయి, డో మూడో గీత మీదున్నప్పుడు లా, సి, డో అవుతాయి. మన లెక్కలో డోను షడ్జం అనుకుంటే మ-ప-ద పాడాల్సిన చోట ద-ని-స పాడతారు, మొదటిదానిలో లేని అరస్వరం రెండోదానిలో వచ్చి కూర్చుంటుంది. కంప్యూటర్‌కు ఇందులో తప్పేమీ కనిపించదు. గీతలు చక్కగా వస్తాయి, స్వరాలు చక్కగా కూర్చుంటాయి. కాబట్టి టైపు చేసినవారే సరిచూడకూడదు. మరొకరు తెర మీద వచ్చిన స్వరలిపిని చూసి పాడాలి, ఇంకొకరు పుస్తకం చూస్తూ వినాలి.

'సి' స్వరాన్ని అర మెట్టు దించే ఫ్లాట్ గుర్తు కూడా ఇలాంటిదే. వాటికన్ నియమం ప్రకారం దాని ప్రభావం ఆ పదం ముగిసేదాకా, లేదా విభజన గీత వచ్చేదాకా, లేదా దాన్ని రద్దుచేసే గుర్తు పడేదాకా మాత్రమే ఉంటుంది. తర్వాతి పదంలోనూ అది ఉండాలని మీ చెవి చెప్పినా అచ్చులో లేకపోతే పెట్టకండి.

సాహిత్యం విషయంలో 'ఎయుస్' అనే పదాన్ని కొన్ని పుస్తకాలు 'ఐ' అక్షరంతోనూ, కొన్ని 'జె'తోనూ రాస్తాయి. దాన్ని ఏకరూపం చేయబోవడం, పాత తెలుగు కావ్యం టైపు చేస్తూ అరసున్నలు, బండి ఱలు ఏరిపారేయడం లాంటిది. వెతుక్కోవడానికి వీలుగా ఏకరూపమైన శీర్షిక వేరే గడిలో పెట్టుకోవచ్చు. శీర్షిక ఒక్కటే చాలదు కూడా: 'సాల్వే రెజీనా'కు సాదా రాగం ఐదో మోడ్ (స్వరాల వర్గం)లో, ఘనమైన రాగం ఒకటో మోడ్‌లో ఉన్నాయి. మోడ్ సంఖ్య, అది ఆంటిఫోనా (కీర్తనకు ముందూ వెనుకా పాడేది), ఇంట్రోయితా (పూజ ప్రారంభగీతం) అన్న విషయం, పుట సంఖ్య తప్పక రాయండి.

ఇక ముఖపత్రం లేని మీ పుస్తకం. సంవత్సరం ఊహించి రాయవద్దు, పండుగలను అడగండి. క్రీస్తు రాజు పండుగ 1925లో ఏర్పడింది, అది ఉంటే పుస్తకం ఆ తర్వాతిది. ఆగస్టు 15 మరియమాత పండుగకు ప్రారంభగీతంగా 'గౌదెయాముస్' ఉందా, 'సీఞుమ్ మాఞుమ్' ఉందా చూడండి; రెండోది, మరియమాత శరీరంతో పరలోకానికి ఎత్తబడిందన్న విశ్వాసం 1950లో అధికారికంగా ప్రకటితమయ్యాక వచ్చిన పూజది. మే 1న శ్రామికుడైన యోసేపు పండుగ ఉంటే 1955 తర్వాతిది. ఇవి అసలు పుటల్లో ఉన్నాయా, చివర అతికించిన అనుబంధంలో ఉన్నాయా అన్నది గమనించండి, ఎందుకంటే అనుబంధం పుస్తకం వయసు చెప్పదు. నమోదులో 'ముఖపత్రం లేని ప్రతి, 1925 తర్వాతిది, 1950కి ముందుది' అన్నట్టు రాస్తే నిజాయితీగా ఉంటుంది.

ప్రశ్న: లాటిన్ చదవలేని మా క్వయర్ పిల్లల కోసం స్వరాల కింద సాహిత్యాన్ని తెలుగు లిపిలో టైపు చేసి డేటాబేస్‌లో పెట్టవచ్చా?
— ఒక పాఠకుడు, మెహదీపట్నం

జవాబు: పిల్లల చేతికిచ్చే కాగితం మీద తప్పకుండా పెట్టండి, డేటాబేస్‌లోని సాహిత్యం స్థానంలో వద్దు. తెలుగు లిపి రాసేది ఉచ్చారణను. మీరు రోము పద్ధతిలో 'చేలి' అని రాసిన మాటను జర్మనీలో 'త్సేలి' అంటారు, రెంటికీ లాటిన్ అక్షరాలు ఒకటే. ఫైలును దింపుకుని, మీ ప్రతిలో లాటిన్ ముక్క ఉన్న చోట తెలుగు ముక్క పెట్టి, బ్రాకెట్లలోని స్వరాక్షరాలను కదపకుండా ఉంచితే మీ పని జరిగిపోతుంది.