మొదటిసారి చదివిందే పంపు

నెల్లూరు

చిన్నమ్మాయికి,

టీవీలో వార్తలు చదవాలని పట్టుబట్టావంట, మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. నేను వద్దనను. కావలి కేబుల్ వార్తలతో మొదలుపెట్టి హైదరాబాద్ దాకా వెళ్లి పదిహేనేళ్లు ఆ కుర్చీలో కూర్చున్నదాన్ని, నిన్నెందుకు వద్దంటాను?

లక్షలు కట్టించుకుని ఉద్యోగం గ్యారంటీ అనే కోర్సుల జోలికి మాత్రం పోవద్దు. డిగ్రీ పూర్తి చేసి, ముందు ఊళ్లోనే కేబుల్ వార్తల్లో చేరు. జీతం తక్కువే. కానీ అక్కడ వార్త రాసేదీ నువ్వే, చదివేదీ నువ్వే. మైకు పట్టుకుని కలెక్టరేట్‌కి పరిగెత్తేదీ నువ్వే. పెద్ద ఛానల్లో ఈ పనులన్నీ ఒక్కరి చేతికి రావు.

2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు నేను లైవ్‌లో ఉన్నాను. పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు, హైవే దెబ్బతిన్న వార్త చదువుతుంటే ప్రాంప్టర్, అదే చదవాల్సిన వార్త ఎదురుగా చూపించే తెర, ఆగిపోయింది. చెవిలో పీసీఆర్ నుంచి, అంటే ప్రసారం నడిపే కంట్రోల్ రూమ్ నుంచి, "మేడమ్, విజువల్స్ ఉన్నాయి, రెండు నిమిషాలు లాగండి" అన్నారు. టెన్షన్‌తో అరచేతులు తడిసిపోయాయి. కానీ అది నేను చిన్నప్పటి నుంచి తిరిగిన దారి. సోమశిల డ్యామ్ నుంచి నీళ్లు వదిలితే నెల్లూరుకి ఏమవుతుందో, ఆ రోడ్డు తెగితే చెన్నై, విజయవాడ బండ్లు ఎట్లా నిలిచిపోతాయో చెప్పుకుంటూ పోయాను. ఎంతమంది చనిపోయారన్నది మాత్రం నోరెత్తలేదు, అధికారులు ఇంకా చెప్పలేదు గనక. ఆ రెండు నిమిషాలు నన్ను కాపాడింది గొంతు కాదమ్మా, తెలిసిన ఊరు. అందుకే రోజూ పేపరు చదువు. మ్యాపు చూడు, జిల్లాలో ఏ వాగు ఎందులో కలుస్తుందో తెలుసుకో.

దూరదర్శన్‌లో 1983 నవంబరు 14న తొలి తెలుగు వార్తలు చదివిన శాంతిస్వరూప్ గారు, ప్రాంప్టర్ లేని ఆ రోజుల్లో వార్తలు కంఠతా పట్టి చెప్పేవారు. మాకందరికీ ఆయనే పెద్ద.

ఇక ఉచ్చారణ. ఇంట్లో "ఏందిమే" అనుకుందాం, మన యాస మనకు ముద్దు. బులెటిన్‌లో మాత్రం వాక్యం చివర సాగదీయడం మానాలి. నీకు ఒత్తులు జారుతున్నాయి. మొన్న పెళ్లిలో మైకు తీసుకుని "బారతదేశం", "విద్యార్ది" అన్నావు, విన్నాను. రోజూ ఇరవై నిమిషాలు పేపరు పైకి చదివి ఫోన్‌లో రికార్డు చేసుకుని విను. మొదట్లో నీ గొంతు నీకే నచ్చదు, అయినా విను. అంకెలు ఉన్న వార్తలు ఎక్కువ చదువు, తడబడేది అక్కడే.

అందం, మేకప్ సంగతి వాళ్లే చూసుకుంటారు. తెల్లవారుజామున ఐదు గంటల బులెటిన్‌కి మూడున్నరకే ఆఫీసులో ఉండాలి, నిద్ర సంగతి నువ్వు చూసుకో. అపాయింట్‌మెంట్ లెటర్ చేతికి రాకుండా పాత ఉద్యోగం వదలొద్దు. ఒక చోట నాకు మూడు నెలల జీతం రాలేదు. కాగితం లేక ఏమీ చేయలేకపోయాను.

ఆదివారం లోపు రెండు నిమిషాల వార్త చదివి వాట్సాప్‌లో పంపు. దిద్దుకుని, మళ్లీ చదివి కాదు, మొదటిసారి చదివిందే పంపు. తప్పులు నేను చూసి చెప్తాను.

మీ పెద్దమ్మ