కచేరీ తరువాత అభిమాన వైణికురాలిని కలవడం గురించి

రవీంద్రభారతిలో కచేరీ ముగిసిన వెంటనే వేదిక వైపు వెళ్ళినా, జనం మధ్య మీ అభిమాన వైణికురాలితో మాట్లాడలేకపోయారని, ఈసారి చిక్కడపల్లి త్యాగరాయ గానసభలోనైనా ఎలా కలవాలని అడిగారు. మంగళం కాగానే లేవకండి. సత్కారం, ఛాయాచిత్రాలు పూర్తయి, ఆమె వీణను పెట్టెలో భద్రపరిచేదాకా కూర్చుని, ఆపైన నిర్వాహకుల అనుమతితో దగ్గరికి వెళ్ళండి. వీణకుండే 24 మెట్లూ మైనంలో నిలిపినవి కనుక వాద్యాన్ని తాకవద్దు. అంతసేపు తీగలు మీటిన వేళ్ళకు కరచాలనం కన్నా నమస్కారమే హాయి. ‘చాలా బాగుంది’ అని ఊరుకోకుండా, తానంలో, అంటే రాగాన్ని లయతో విస్తరించి వాయించే భాగంలో, ఏ చోట మీ మనసు నిలిచిపోయిందో చెప్పండి. ఆ ఒక్క మాటకు విద్వాంసుల ముఖాలు వికసించడం నేను ఎన్నోసార్లు చూశాను. ఫొటో ఆ తరువాతే అడగండి.